నెట్ సతాయిస్తుంటే ఇంట్లో ఏ పరికరం కారణమో పట్టుకోవడం ఎలా? అంచెలంచెల మార్గదర్శి

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చే ప్రశ్న దాదాపు ఒకటే: "నెట్ ఉన్నట్టుండి పోతోంది. ఫోన్ చేస్తే లైన్ బాగానే ఉందంటున్నారు. ఇప్పుడేం చేయాలి?"

చాలాసార్లు నెట్ కంపెనీవాళ్ళు చెప్పేది నిజమే. లైన్ బాగానే ఉంటుంది, ఆ లైన్‌కి మనం తగిలించిన వాటిలో ఒకటి బాగుండదు. టీవీ స్టిక్, నాలుగు సీసీ కెమెరాలు, వైఫై ప్రింటర్, రెండు స్మార్ట్ బల్బులు, మేడ మీద అద్దెకున్న వాళ్ళకి లాగిన వైరు. వీటిలో ఏ ఒక్కటి మొరాయించినా ఇల్లంతా ఇబ్బందే. ఆ ఒక్కదాన్ని పట్టుకునే వరుస ఇది. విండోస్ కంప్యూటర్‌ని దృష్టిలో పెట్టుకుని రాశాను.

1. మొదలుపెట్టే ముందు

దగ్గర ఉంచుకోవాల్సినవి:

☐ పని చేస్తుందని నమ్మకంగా తెలిసిన ఒక ల్యాన్ కేబుల్, రెండు మీటర్లు చాలు
☐ ల్యాన్ పోర్టు ఉన్న కంప్యూటర్, లేదా యూఎస్‌బీకి తగిలించే ల్యాన్ అడాప్టర్
☐ రూటర్ అడుగున ఉన్న స్టిక్కర్ ఫోటో
☐ రూటర్ వెనక వైర్లు ఉన్నవి ఉన్నట్టుగా తీసిన ఫోటో
☐ తెల్ల టేపు, పెన్ను. ఏ వైరు ఎక్కడికి పోతుందో దాని మీదే రాసి అంటించడానికి
☐ మొబైల్ డేటా ఉన్న ఫోన్
☐ ఇంట్లో నెట్ వాడే పరికరాల పట్టిక

పట్టిక రాసేటప్పుడు ఎవరైనా రెండు మూడు మర్చిపోతారు. సెట్‌టాప్ బాక్స్, పిల్లల పాత ట్యాబ్, నీళ్ళ మోటారుకి పెట్టిన వైఫై స్విచ్ ఎక్కువగా తప్పిపోయేవి. రూటర్ పేజీలో (బ్రౌజర్‌లో రూటర్ అడ్రస్ కొడితే తెరుచుకునేది, లాగిన్ వివరాలు మామూలుగా ఆ స్టిక్కర్ మీదే ఉంటాయి) "కనెక్టెడ్ డివైసెస్" జాబితా తెరిచి సరిచూసుకోండి. మీకు తెలియని పేరు కనిపిస్తే వైఫై పాస్‌వర్డ్ మార్చేయండి. పక్కింటి వాళ్ళకి ఎప్పుడో ఇచ్చిన పాస్‌వర్డ్ ఇంకా నడుస్తూనే ఉండొచ్చు.

ఒక హెచ్చరిక. రూటర్ వెనకున్న చిన్న రీసెట్ రంధ్రంలో పిన్ను గుచ్చకండి. ఆఫ్ చేసి ఆన్ చేయడం వేరు, రీసెట్ వేరు. రీసెట్ చేస్తే కంపెనీ వాళ్ళు లోపల పెట్టిన లాగిన్ వివరాలు కూడా చెరిగిపోవచ్చు. అప్పుడు ఉన్న సమస్య అలాగే ఉంటుంది, పైగా మనిషి వచ్చేదాకా నెట్టే ఉండదు.

2. "నెట్ స్లో" అనకుండా లక్షణాన్ని రాసుకోండి

ఏ పరికరంలో, ఏ వేళ, ఏం చేస్తుంటే, ఏం జరిగింది. ఈ నాలుగూ రాస్తే సగం దారి దొరుకుతుంది.

"వీడియో కాల్‌లో నా మాట అవతలికి తెగిపోతోంది, యూట్యూబ్ మాత్రం హాయిగా ఆడుతోంది" అంటే అప్‌లోడ్ నిండిపోయింది. అయిదో భాగం చూడండి.

"కరెంటు పోయి వచ్చాక ఒక్క ల్యాప్‌టాప్‌కే నెట్ వస్తూ పోతూ ఉంది" అంటే ఐపీ అడ్రస్‌ల (ఒక్కో పరికరానికి నెట్‌వర్క్‌లో ఉండే అంకెల) గొడవ. ఆరో భాగం.

"అన్నింటికీ ఒకేసారి పోతుంది, రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే కాసేపు వస్తుంది, మళ్ళీ పోతుంది" అంటే లూపు (వైరు తిరిగి తిరిగి అక్కడికే రావడం) గానీ, రూటర్‌కి అందే కరెంటు గానీ కావచ్చు. ఏడు, పది.

"200 ఎంబీపీఎస్ ప్లాన్, ఎన్నిసార్లు చూసినా 93, 94 దాటట్లేదు" అంటే కేబుల్ లేదా పోర్టు. ఇది ఇక్కడే చెప్పేస్తాను. ల్యాన్ కేబుల్‌లో ఎనిమిది తీగలుంటాయి. గిగాబిట్ వేగానికి ఎనిమిదీ కావాలి, నాలుగే పని చేస్తే 100 ఎంబీపీఎస్‌కి పడిపోతుంది. కొన్ని ఓఎన్‌టీలలో (ఫైబర్ వచ్చి చేరే కంపెనీ పెట్టె, చాలా ఇళ్ళల్లో రూటర్ కూడా ఇందులోనే) ఒక్క పోర్టే గిగాబిట్, మిగతావి 100. అందుకే ముందు పోర్టు మార్చి చూడండి, తర్వాత కేబుల్ మార్చండి.

ఇక తిరుమల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో వదిలిన ఉదయం పేజీ తిరుగుతూనే ఉంటే రూటర్‌ని తిట్టుకోకండి. ఆ రద్దీ మీ ఇంట్లోది కాదు. అలాంటి రోజున ఏ పరీక్షా పెట్టుకోకండి.

3. తప్పు లైన్‌దా, ఇంటిదా?

వైఫైని పక్కన పెట్టి కంప్యూటర్‌ని ల్యాన్ కేబుల్‌తో రూటర్‌కి కలపండి. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి సీఎండీ అని టైప్ చేసి ఎంటర్ కొడితే నల్ల కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టండి.

"డిఫాల్ట్ గేట్‌వే" ఎదురుగా కనిపించే అంకెలే మీ రూటర్ అడ్రస్. చాలా ఇళ్ళల్లో 192.168.1.1 ఉంటుంది. మీ కంప్యూటర్ అడ్రస్ 169.254తో మొదలైతే, రూటర్ దానికి అడ్రస్ ఇవ్వలేదన్నమాట. నేరుగా ఆరో భాగానికి వెళ్ళండి.

ఇప్పుడు పింగ్, అంటే అవతలికి చిన్న పలకరింపు పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూడటం. మూడుసార్లు, ఈ వరుసలోనే:

☐ రూటర్ అడ్రస్‌కి పింగ్
☐ 8.8.8.8కి పింగ్. ఇది గూగుల్ డీఎన్‌ఎస్ (వెబ్‌సైట్ పేరుని అంకెల అడ్రస్‌గా మార్చే సేవ) అడ్రస్
☐ ఏదైనా వెబ్‌సైట్ పేరుకి పింగ్

పింగ్ తర్వాత అడ్రస్, దాని తర్వాత ఖాళీ వదిలి మైనస్ గుర్తు, టీ అక్షరం పెడితే ఆపేదాకా నడుస్తూనే ఉంటుంది. కంట్రోల్, సీ కలిపి నొక్కితే ఆగుతుంది. సమస్య వచ్చిన వేళే చేయండి. అంతా బాగున్నప్పుడు చేస్తే బాగానే కనిపిస్తుంది.

కేబుల్ మీద రూటర్‌కి పింగ్ ఒక మిల్లీసెకండ్ దగ్గర ఉండాలి. అదే వందల్లోకి ఎగిరినా, "టైమ్డ్ అవుట్" అని వచ్చినా తప్పు ఇంటిలోదే. కంపెనీకి ఫోన్ చేసి లాభం లేదు.

రూటర్‌కి బాగుండి 8.8.8.8కి ఆగిపోతుంటే రెండు కారణాలు ఉండొచ్చు: లైన్ చెడి ఉండాలి, లేదా ఇంట్లో ఏదో పరికరం లైన్‌ని నింపేసి ఉండాలి. నాలుగో భాగం అది తేలుస్తుంది. అంకెలకి పింగ్ వెళ్ళి పేరుకి వెళ్ళకపోతే మాత్రం డీఎన్‌ఎస్ సమస్య. రూటర్‌లో డీఎన్‌ఎస్ అడ్రస్ మారిస్తే సరి.

తర్వాత ఇదే పరీక్ష వైఫై మీద చేయండి. కేబుల్ మీద బాగుండి వైఫై మీద పాడైతే ఎనిమిదో భాగం చూడండి.

4. అన్నీ పీకండి, ఒక్కొక్కటే పెట్టండి

మొత్తం పనిలో ఇదే ముఖ్యం. మనవాళ్ళు తప్పించుకోవాలని చూసేదీ దీన్నే. సెట్టింగులు గెలకడం సరదాగా ఉంటుంది, వైర్లు పీకడం విసుగు. అయినా సెట్టింగులు ముట్టుకోకముందే ఇది చేయండి.

☐ ఓఎన్‌టీకి ఫైబర్, కరెంటు, ఒక్క కంప్యూటర్ తప్ప అన్ని వైర్లూ తీయండి
☐ రూటర్ పేజీలో వైఫై ఆపండి. 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ రెండూ
☐ పది నిమిషాలు పింగ్ నడపండి
☐ బాగుంటే వైఫై ఆన్ చేసి, ఒక్క ఫోన్ కలిపి చూడండి
☐ తర్వాత ఒక్కో పరికరం. ఒక్కోదానికి అయిదు నిమిషాలు
☐ పింగ్ చెడగానే ఆఖరున పెట్టినదాన్ని తీసేయండి. మళ్ళీ బాగుపడిందా?
☐ బాగుపడితే ఇంకోసారి పెట్టి చూడండి. మళ్ళీ చెడితే దొరికినట్టే

ఆఖరి అడుగు వదలొద్దు. ఒక్కసారి చెడటం కాకతాళీయం కావచ్చు.

ఇరవై ముప్పై పరికరాలున్న లాడ్జి, హాస్టల్, చిన్న ఆఫీసు అయితే సగం చొప్పున విడదీయండి. నెట్‌వర్క్ స్విచ్‌లో (ఒక ల్యాన్ వైరుని చాలా వైర్లకి పంచే పెట్టె) సగం వైర్లు తీస్తే సమస్య పోయిందా? అయితే దోషి ఆ సగంలోనే ఉంది. అందులో మళ్ళీ సగం. ముప్పై వైర్లలో అయిదు విడతల్లో తేలిపోతుంది.

ఒక్క కంప్యూటరే ఉన్నా 8.8.8.8 ఆగుతుంటే ఇక లైన్ తప్పే. పదకొండో భాగానికి వెళ్ళండి.

5. అప్‌లోడ్ నింపేసే పరికరాలు

తిరుపతిలో ఇల్లుంటే చుట్టాలకి కొదవుండదు. కొండ దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని, వైఫై పాస్‌వర్డ్ అడుగుతారు. ఆరేడు ఫోన్లు ఒక్కసారిగా వైఫై అందుకుంటాయి. తిరుమలలో తీసిన ఫోటోలు, వీడియోలు అన్నీ "వైఫై దొరికినప్పుడే బ్యాకప్" అన్న నియమం మీద అప్పటిదాకా ఆగి ఉంటాయి. అవన్నీ ఒకేసారి పైకి వెళ్ళడం మొదలవుతుంది. అదే గదిలో మీ అబ్బాయికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉంటే సంగతి చెప్పక్కర్లేదు.

అప్‌లోడ్ నిండితే డౌన్‌లోడ్ కూడా ఎందుకు కుంటుపడుతుంది? మనం దింపుకునే ప్రతి ముక్కకీ "అందింది" అని ఇటునుంచి చిన్న జవాబు వెళ్ళాలి. ఆ జవాబులు కూడా ఫోటోల వెనక వరుసలో నిలబడతాయి. జవాబు రాకపోతే అవతలి సర్వర్ నెమ్మదిస్తుంది. పింగ్ 10 మిల్లీసెకన్ల నుంచి వందల్లోకి పోవడం ఈ వరుస వల్లే.

రెండో దోషి సీసీ కెమెరా. ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. కెమెరాల రికార్డింగ్ పెట్టె, అంటే డీవీఆర్, తన హార్డ్ డిస్క్‌లో రికార్డు చేసుకోవడానికి నెట్ అక్కర్లేదు. బయటి నుంచి ఫోన్‌లో చూసినప్పుడు, క్లౌడ్‌లో దాచినప్పుడు మాత్రమే అప్‌లోడ్ ఖర్చవుతుంది. రెండు మెగాపిక్సెల్ కెమెరా పూర్తి నాణ్యతతో పంపితే మామూలుగా ఒక్కోటి 2 నుంచి 4 ఎంబీపీఎస్ తీసుకుంటుంది. నాలుగు కెమెరాలు కలిపి చూసుకోండి. వైఫై కెమెరాలైతే ఇంటి లోపలి వైఫైని కూడా నింపుతాయి. రికార్డింగ్ ఇంట్లోనే జరిగినా దృశ్యం గాల్లోంచే రావాలి కదా.

సరిచేయడం:

☐ ఫోన్‌లో చూసే యాప్‌లో "సబ్ స్ట్రీమ్" (తక్కువ నాణ్యత దృశ్యం) ఎంచుకోండి. చిన్న తెరకి అది చాలు
☐ డీవీఆర్‌లో కంప్రెషన్ హెచ్.265 ఉంటే పెట్టండి. హెచ్.264తో పోలిస్తే దాదాపు సగంలో సరిపోతుంది
☐ ఫ్రేమ్ రేటు 25 నుంచి 15కి తగ్గించండి
☐ ఫోటోల బ్యాకప్‌ని అవసరమైన వేళ ఆపి, రాత్రికి వదిలేయండి
☐ చుట్టాలకి గెస్ట్ వైఫై ఇవ్వండి. రూటర్‌లో ఉంటే దానికి వేగం పరిమితి పెట్టండి
☐ రూటర్‌లో క్యూఓఎస్ (వేగాన్ని హద్దుపెట్టి పంచే సెట్టింగు) ఉంటే అప్‌లోడ్ హద్దుని మీకు నిజంగా వచ్చే వేగంలో 85 శాతం దగ్గర పెట్టండి

ఆఖరిది బాగా పని చేస్తుంది. వేగం కాస్త వదులుకుంటాం, ఆ వరుస మాత్రం పేరుకోదు. నన్నడిగితే పెద్ద ప్లాన్‌కి మారే ముందు ఇదొక్కటి చేసి చూడాలి.

కెమెరాల పాస్‌వర్డ్ అడ్మిన్ అడ్మిన్ అనే వదిలేశారా? ఈ రోజే మార్చండి. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ ఇలా ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతో వదిలేసిన కెమెరాలనే, డీవీఆర్‌లనే లక్షల్లో పట్టుకుని దాడులకి వాడుకుంది. ఇంట్లో ఎవరూ ఏమీ చూడకపోయినా కెమెరా వైరు లైటు రాత్రంతా పిచ్చిగా మెరుస్తుంటే అనుమానించాల్సిందే.

6. ఐపీ అడ్రస్‌ల గొడవ

ఇంట్లో ప్రతి పరికరానికీ వేరే ఐపీ అడ్రస్ ఉండాలి. దాన్ని రూటర్ పంచుతుంది. ఈ పంపకం పేరు డీహెచ్‌సీపీ. గొడవలు మూడు రకాలు.

6.1 డీవీఆర్‌కి గట్టిగా రాసిన అడ్రస్

కెమెరాలు బిగించిన కుర్రాడు డీవీఆర్‌లో 192.168.1.10 అని నేరుగా రాసేసి వెళ్ళిపోతాడు. ఆ సంగతి రూటర్‌కి తెలియదు. అదే అంకె తన పంపకంలో కూడా ఉంటుంది. మామూలు రోజుల్లో ఏమీ కాదు. కరెంటు పోయి వచ్చాక అన్నీ కొత్తగా అడ్రస్ అడుగుతాయి. అప్పుడు రూటర్ ఆ 10ని మీ ల్యాప్‌టాప్‌కి ఇస్తే ఒకే అడ్రస్‌కి ఇద్దరు యజమానులు. ల్యాప్‌టాప్‌లో నెట్ వస్తుంది, పోతుంది. కెమెరా కనిపిస్తుంది, మాయమవుతుంది.

☐ రూటర్‌లో డీహెచ్‌సీపీ పరిధిని 192.168.1.50 నుంచి 200 దాకా పెట్టండి
☐ డీవీఆర్, ప్రింటర్ లాంటి కదలని వాటికి 2 నుంచి 49 మధ్య అంకెలు ఇవ్వండి
☐ లేదా "అడ్రస్ రిజర్వేషన్"లో పరికరం మ్యాక్ అడ్రస్ (తయారీలోనే దానికి ఇచ్చిన గుర్తింపు సంఖ్య) రాసి ఒక అంకె కట్టేయండి. ఇదే మేలు, అన్నీ ఒకే చోట కనిపిస్తాయి
☐ ఇచ్చిన అంకెని ఆ పరికరం మీదే టేపు వేసి రాయండి

ఫోన్‌కి రిజర్వేషన్ పెట్టాలంటే, ముందు ఆ ఫోన్‌లో మీ ఇంటి వైఫై వరకు "ర్యాండమ్ మ్యాక్" ఆపాలి. లేకపోతే రూటర్‌కి అది వేరే ఫోన్‌లా కనిపించొచ్చు.

6.2 మేడ మీద రెండో రూటర్

కింద యజమానులు, మేడ మీద అద్దెకున్న వాళ్ళు, మధ్యలో ఒకే కనెక్షన్. కొర్లగుంటలోనైనా, చిత్తూరు గ్రీమ్స్‌పేటలోనైనా ఇది మామూలే. పాత రూటర్ ఒకటి దుమ్ము దులిపి పైన పెట్టి, కింది నుంచి వచ్చిన వైరుని దొరికిన పోర్టులో గుచ్చేస్తారు. అది ల్యాన్ పోర్టు అయితే ఇంట్లో అడ్రస్‌లు పంచేవాళ్ళు ఇద్దరైనట్టు. ఎవరి జవాబు ముందొస్తే పరికరం వాళ్ళదే తీసుకుంటుంది. పై రూటర్ ఇచ్చిన అడ్రస్ అందుకున్న ఫోన్‌కి, వైఫై గుర్తు నిండా ఉన్నా నెట్ రాదు.

వరుస ముఖ్యం. వైరు గుచ్చకముందే ఇవి చేయాలి:

☐ పాత రూటర్‌ని ఒంటరిగా ల్యాప్‌టాప్‌కి కలపండి
☐ "యాక్సెస్ పాయింట్ మోడ్" (అడ్రస్‌లు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చే పద్ధతి) ఉంటే అది ఎంచుకోండి. ఇక సెట్టింగులేమీ మార్చనక్కర్లేదు, వైరు కలిపితే చాలు
☐ లేకపోతే దాని అడ్రస్‌ని 192.168.1.2గా మార్చండి
☐ అందులో డీహెచ్‌సీపీ ఆపేయండి
☐ ఇప్పుడు కింది ల్యాన్ నుంచి పై ల్యాన్‌కి వైరు కలపండి. వ్యాన్ పోర్టు (బయటి నెట్ వైరు కోసం విడిగా ఉన్నది) ఖాళీగా ఉండాలి

వ్యాన్ పోర్టులో పెడితే మాత్రం ఏం? రెండు రూటర్ల అడ్రస్ పరిధులు వేరైతే నెట్ వస్తుంది. కాకపోతే పైన ఉన్నవాళ్ళకి కింది ప్రింటర్ దానంతటది కనిపించదు, ఫోన్ నుంచి కింది టీవీకి వీడియో పంపడం కుదరదు. అద్దెవాళ్ళని విడిగా ఉంచడానికి మాత్రం ఇదొక్కటే చాలదు, అడ్రస్ తెలిస్తే పై నుంచి కింది పరికరాలని అందుకోవచ్చు.

6.3 "ప్రింటర్ ఆఫ్‌లైన్"

ప్రింటర్ ఎదురుగానే ఆన్‌లో ఉంటుంది, విండోస్ ఆఫ్‌లైన్ అంటుంది. ప్రింటర్ అడ్రస్ మారింది, కంప్యూటర్ ఇంకా పాత అడ్రస్‌కే పంపుతోంది. ప్రింటర్‌లో నెట్‌వర్క్ వివరాల పేజీ ప్రింట్ తీయండి. దాని మీద ఇప్పటి అడ్రస్, మ్యాక్ అడ్రస్ రెండూ ఉంటాయి. రూటర్‌లో రిజర్వేషన్ పెట్టి, ఆ అడ్రస్‌తో ప్రింటర్‌ని విండోస్‌లో కొత్తగా చేర్చండి. పాతదాన్ని తీసేయండి. ల్యాప్‌టాప్ గెస్ట్ వైఫైలో ఉందేమో కూడా చూడండి. గెస్ట్ నుంచి ప్రింటర్ మామూలుగా కనిపించదు.

7. మొత్తం నెట్‌వర్క్‌ని ఆపేసే రెండు సంగతులు

ఒకటి లూపు. ఒకే వైరు రెండు కొసలూ ఒకే స్విచ్‌లో ఉంటే, లేదా రెండు స్విచ్‌ల మధ్య రెండు వైర్లుంటే, సమాచారం అందులోనే గిర్రున తిరుగుతూ పెరిగిపోతుంది. ఇల్లు ఊడ్చేటప్పుడు ఊడిన వైరుని ఎవరో దొరికిన పోర్టులో పెట్టేస్తే ఇలా అవుతుంది. స్విచ్ లైట్లన్నీ ఒకే లయలో, విరామం లేకుండా మెరుస్తుంటే లూపే. వైర్లు ఒక్కొక్కటి తీస్తూ పోండి. లైట్లు శాంతించిన చోట ఆగండి.

రెండోది ఎవరూ అనుమానించనిది: నిద్రపోతున్న ల్యాప్‌టాప్ డాక్ (ఒకే వైరుతో మానిటర్, ల్యాన్ లాంటివి ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె). ల్యాన్ పోర్టు ఉన్న కొన్ని డాక్‌లు, ల్యాప్‌టాప్ నిద్రలోకి వెళ్ళాక లేదా పీకేశాక, "కాసేపు ఆగు" అనే సంకేతాన్ని స్విచ్‌కి అదే పనిగా పంపుతుంటాయి. చవక స్విచ్ ఆ మాట విని అందరికీ ఆగిపోతుంది. ఆఫీసు పని ముగించి ల్యాప్‌టాప్ మూసిన రాత్రే టీవీ ఆగిపోతుందంటే ఇదే. డాక్‌కి ఉన్న ల్యాన్ వైరు తీసి చూడండి. డ్రైవర్, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసినా తగ్గకపోతే ఆ డాక్‌ని వైఫై మీదే వాడుకోండి.

8. వైఫై మీదే వచ్చే చిక్కులు

8.1 రూటర్ చోటు. ఫైబర్ ఏ కిటికీలోంచి వస్తే ఆ పక్కనే టీవీ వెనక పెట్టేయడం మన అలవాటు. టీవీ రేకు, బీరువా, శ్లాబులోని ఇనుము, అన్నీ సిగ్నల్‌ని మింగేవే. టీవీ వెనక నుంచి తీసి ఒక అడుగు పైన గోడకి పెట్టినా తేడా తెలుస్తుంది. మేడకి శ్లాబు గుండా వైఫై పంపాలని చూడకండి. వైరు లాగి పైన యాక్సెస్ పాయింట్ పెట్టండి.

8.2 స్మార్ట్ బల్బు కలవట్లేదు. చాలా స్మార్ట్ బల్బులు, ప్లగ్‌లు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకోగలవు. మీ ఫోన్ 5లో ఉంటే యాప్‌కి బల్బు దొరకదు. కలిపేటప్పుడు 5ని కాసేపు ఆపండి, లేదా రెండింటికీ వేరే పేర్లు పెట్టండి. రూటర్‌లో వైఫై భద్రత పద్ధతి "డబ్ల్యూపీఏ3 మాత్రమే" అని ఉంటే పాత ప్రింటర్లు కూడా కలవవు. డబ్ల్యూపీఏ2, 3 రెండూ ఉన్న ఎంపిక పెట్టండి.

8.3 పక్కిళ్ళ రద్దీ. బాలాజీ కాలనీ లాంటి చోట ఫోన్ తెరిస్తే డజన్ల కొద్దీ వైఫై పేర్లు. 2.4లో ఒకదానిమీదొకటి పడని ఛానెళ్ళు 1, 6, 11 మాత్రమే. వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టి ఈ మూడింటిలో ఖాళీగా ఉన్నది ఎంచుకోండి. టీవీ, ల్యాప్‌టాప్ మాత్రం 5కి మార్చేయండి.

8.4 మౌస్ తడబాటు. పోర్టబుల్ హార్డ్ డిస్క్ పెట్టగానే వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి కదులుతోందా? యూఎస్‌బీ 3 పరికరాలు, వాటి వైర్లు 2.4 పరిధిలోనే రొద పుట్టిస్తాయి. మౌస్ రిసీవర్ ఆ పక్క పోర్టులోనే ఉంటే పాపం దానికి మౌస్ మాట వినిపించదు. రిసీవర్‌ని చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో దూరంగా పెట్టండి. కొత్త మౌస్ కొనాల్సిన పని లేదు. నడుస్తున్న మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఇదే పరిధిలో చికాకు పెడుతుంది.

9. కంప్యూటర్‌నే పట్టి పీడించే పరికరాలు

కంప్యూటర్ లోగో దగ్గరే ఆగిపోతే కీబోర్డు, మౌస్ తప్ప అన్నీ తీసి ఆన్ చేయండి. పెన్‌డ్రైవ్, ప్రింటర్‌లోని కార్డ్ రీడర్ లాంటివాటి నుంచి బూట్ అవ్వాలని చూసి ఆగిపోవడం మామూలే. బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగులు) బూట్ వరుస సరిచేస్తే మళ్ళీ రాదు.

హార్డ్ డిస్క్ టిక్ టిక్ అంటూ కనిపించి మాయమవుతుంటే వెంటనే తీసేయండి. యూఎస్‌బీ 2 పోర్టు మామూలుగా ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, యూఎస్‌బీ 3 ఇచ్చేది 900. ఒకే పోర్టుకి హబ్ పెట్టి నాలుగు తగిలిస్తే అందరూ పంచుకోవాలి. డిస్క్‌ని సీపీయూ వెనక పోర్టుకి నేరుగా పెట్టండి, లేదా సొంత అడాప్టర్ ఉన్న హబ్ కొనండి. నేరుగా పెట్టినా టిక్ టిక్ అంటే డిస్క్ పోయే దశలో ఉంది, ముందు డేటా తీసుకోండి. టీవీ స్టిక్‌ని టీవీ యూఎస్‌బీ మీద నడిపినా ఇదే కరెంటు కొరత. పదే పదే రీస్టార్ట్ అవుతుంటే దాని అడాప్టర్‌తోనే నడపండి.

ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరుచుకోవడానికి అర నిమిషం పడుతోందా? ఎప్పుడో కలిపిన నెట్‌వర్క్ డ్రైవ్ ఇప్పుడు లేకపోయినా విండోస్ దాని కోసం ఎదురు చూస్తుంటుంది. ఆ డ్రైవ్ మీద కుడి క్లిక్ చేసి "డిస్‌కనెక్ట్" కొట్టండి.

బ్లూటూత్ హెడ్‌సెట్‌లో కాల్ మొదలవగానే పాట డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తే అది చెడిపోలేదు. మైకు కూడా వాడాల్సి వచ్చేసరికి నాసిరకం మోడ్‌లోకి మారింది. మైకుగా ల్యాప్‌టాప్‌ది ఎంచుకుంటే పాట మళ్ళీ బాగుంటుంది.

ఆన్‌లైన్ సెంటర్లు నడిపేవాళ్ళకి ఒక మాట: రెండు కంపెనీల వేలిముద్ర పరికరాల ఆర్‌డీ సర్వీసులు (వాటిని నడిపే సాఫ్ట్‌వేర్) ఒకే కంప్యూటర్‌లో నడుస్తుంటే అప్లికేషన్ తప్పుదాన్ని పట్టుకోవచ్చు. వాడని సర్వీసు ఆపేసి ప్రయత్నించండి.

10. కరెంటు, వాన

మోటారు వేయగానే లైటు ఒక్క క్షణం మసకబారి, రూటర్ రీస్టార్ట్ అవుతుంటే వోల్టేజీ పడిపోతున్నట్టు. రూటర్‌ని ఇన్వర్టర్ లైన్ మీదికి మార్చండి. ఇన్వర్టర్‌కి యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే ఆన్ చేయండి, మార్పిడి త్వరగా జరుగుతుంది. మినీ యూపీఎస్ కొంటే వోల్టేజీ సరిగ్గా అదే ఉండాలి, ఆంపియర్లు సమానం లేదా ఎక్కువ ఉండాలి. పిన్ను కొలత, ప్లస్ మైనస్ గుర్తు కూడా సరిచూడండి. డీవీఆర్ అడాప్టర్ రూటర్‌కి పట్టినంత మాత్రాన సరిపోయినట్టు కాదు.

కరెంటు వచ్చాక అన్నీ ఒకేసారి లేస్తే డీవీఆర్, ప్రింటర్ అడ్రస్ అడిగే వేళకి రూటర్ సిద్ధంగా ఉండకపోవచ్చు. వరుస ఇది: ముందు ఓఎన్‌టీ, దాని పాన్ లైటు (ఫైబర్ కనెక్షన్ అందుతోందని చూపేది) నిలకడగా వెలిగాక రూటర్, తర్వాత స్విచ్, ఆ తర్వాత డీవీఆర్, ప్రింటర్, చివర కంప్యూటర్లు.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానలు మనకి ఎక్కువ. ఎండాకాలం సాయంత్రాల్లో ఉరుములు సరేసరి. ఫైబర్ గాజు తీగ గుండా కరెంటు రాదు. ప్రమాదం ప్లగ్గు నుంచి, ఆరుబయట వేలాడే రాగి ల్యాన్ వైర్ల నుంచి, కెమెరా వైర్ల నుంచి. ఉరుములు దగ్గరికి రాకముందే స్విచ్ ఆపడం కాదు, ప్లగ్గే తీయండి. బయటి నుంచి వచ్చే ల్యాన్ వైరు కూడా తీయండి. వాన తర్వాత ఒక్క పోర్టే పని చేయకపోతే అది కాలిపోయినట్టే, పక్క పోర్టులోకి మారండి. రెండు ఇళ్ళ మధ్య వైరు లాగాలనుకుంటే రాగి బదులు ఫైబర్ వేయించుకోండి.

11. కంపెనీకి ఫోన్ చేసే ముందు

ఓఎన్‌టీ మీద లాస్ లైటు ఎర్రగా ఉంటే ఇక ఏ పరీక్షా వద్దు. ఫైబర్‌లో వెలుతురు అందట్లేదు. వైరు ఎక్కడైనా మడత పడిందేమో, తలుపు సందులో నలిగిందేమో చూడండి. అలిపిరి, జీవకోన వైపు ఇళ్ళకైతే కోతులు లాగేశాయేమో మేడ మీదికి వెళ్ళి చూడాలి. ఊడిన ఫైబర్ కొసలోకి కన్ను పెట్టి చూడొద్దు. అందులోని లేజర్ కంటికి కనిపించదు.

చెప్పాల్సింది ఇలా చెబితే పని త్వరగా అవుతుంది: "స్వామీ, అన్నీ పీకేసి ఒక్క కంప్యూటర్‌ని కేబుల్‌తో పెట్టి చూసినా. రూటర్‌కి పింగ్ బాగుంది, 8.8.8.8కి ఆగిపోతోంది. రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య ఎక్కువ." ఇంత వివరంగా చెప్పినవాళ్ళకి "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి" అనే జవాబు తక్కువగా వస్తుంది.

వచ్చినాయన ఓఎన్‌టీ మార్చేస్తానంటే, ఆయన వెళ్ళేలోపు ఇవి చేయించుకోండి:

☐ కొత్తదానిలోనూ పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డే పెట్టించండి. అక్షరం తేడా లేకపోతే బల్బులు, కెమెరాలు, ప్రింటర్ వాటంతటవే కలుస్తాయి
☐ కొత్త రూటర్ అడ్రస్ చూడండి. పాతది 192.168.1.1 ఉండి కొత్తది 192.168.100.1 అయితే, గట్టిగా రాసిన డీవీఆర్ అడ్రస్ పని చేయదు. రూటర్ అడ్రస్‌ని పాతదానికే మార్పించండి
☐ డీహెచ్‌సీపీ పరిధి, రిజర్వేషన్లు మళ్ళీ రాయండి
☐ ఆయన ఉండగానే ఫోన్‌ని మొబైల్ డేటాకి మార్చి, బయటి నుంచి కెమెరా కనిపిస్తోందో లేదో చూడండి